అడ్డుపడేవాడు లేని ఆట

మూడోసారి కూడా గోలీ కావాలనే పడ్డాడు.

బంతి ఇంకా చిజియు కాలి దగ్గరే ఉంది. తన్నడానికి అతను కాలు వెనక్కి తీయనే లేదు. అప్పటికే క్వారీ జట్టు గోలీ నివాల్దు ఎడమపక్కకి ఒరిగి, మధ్యాహ్నం భోంచేసి మంచం ఎక్కినవాడిలా తీరిగ్గా ఎర్రమట్టిలో వాలిపోయాడు. కుడివైపు గోలంతా ఖాళీగా వదిలేశాడు. పడుకునే కన్ను కొట్టాడు కూడా.

చిజియు బంతిని అరికాలి కింద తొక్కిపట్టి నిలబడిపోయాడు.

"లేవరా," అన్నాడు.

"కొట్టవయ్యా! నీ కోసమేగా పడుకున్నా!"

"లేవమంటున్నానా? పక్షవాతం గానీ వచ్చిందా నీకు?"

"ఎండ మండిపోతోంది చిజియూ, త్వరగా కొట్టెయ్. అక్కడ మాంసం మాడిపోతోంది."

చిజియు బంతిని మెల్లగా వాడి పొట్ట మీదికి దొర్లించి, వెనక్కి తిరిగి నడిచాడు. గట్టు మీది జనం చప్పట్లు కొట్టారు. "చూశారా, ఎంత మంచితనమో! గోలు కూడా వద్దంటున్నాడు!" అని ఎవరో అరిచారు. ఆ మాటకి అతనికి ఒళ్ళు ఇంకా మండింది.

బాగ్రిస్ ఊళ్ళో ఆట మానేసే ప్రతి ఫార్వర్డ్‌కీ ఒక వీడ్కోలు మ్యాచ్ జరిపిస్తారు. ఎదుటి జట్టు అతనికి అడ్డు రాదు. గోలీ సమయం చూసుకుని పడిపోతాడు. గోలు పడగానే గట్టు మీద తారాజువ్వలు పేలుతాయి, భార్య చేతిలో పూలు పెడతారు, తర్వాత అందరూ కలిసి కాల్చిన మాంసం తింటారు. అది మోసం అని ఎవరూ అనుకోరు, ఇంటికొచ్చిన చుట్టానికి మంచి ముక్క వడ్డించడం లాంటిదే అనుకుంటారు. కిందటేడు చిజియు ఆడే ఉనియాన్ జట్టు సెంటర్ ఫార్వర్డ్‌కి అలాగే నాలుగు గోల్స్ వడ్డిస్తే, ఆ మనిషి నాలుగింటికీ ఏడ్చాడు.

చిజియుకి ఆ వడ్డన అక్కర్లేదు. ఆ సంగతి ముందే చెప్పాడు కూడా. వినేవాడెవడు?

అతని అసలు పేరు జెర్సీను. ఆ పేరుతో పిలిచేది భార్య మర్లూసియా ఒక్కతే, అదీ కోపం వచ్చినప్పుడు. చిజియు అంటే కంచె కర్ర మీద కూర్చుని, ఎక్కడికీ పోకుండా ఉన్నచోటే ఎగిరి, మళ్ళీ అక్కడే వాలే చిన్న నల్లపిట్ట. బంతిని ముందు పెట్టుకుని ఒకేచోట గెంతుతూ ఎదుటివాణ్ణి తికమకపెట్టే ఆట చూసి ఎవరో ఆ పేరు పెట్టారు. సన్నటి కాళ్ళు, పొట్టి మెడ కూడా తోడయ్యేసరికి అతుక్కుపోయింది.

పందొమ్మిదేళ్ళకి ఊరు దాటాడు. రాష్ట్రపు రెండో తరగతి పోటీల్లో ఆడే క్లబ్బు ఒకటి తీసుకుంది. ఆ పోటీలు నడిచినన్నాళ్ళే ఒప్పందం, తర్వాత ఎవరి బతుకు వారిది. స్టేడియం మెట్ల కింద గదిలో నిద్ర, పొద్దునా రాత్రీ చిక్కుడుగింజల కూర. అక్కడి కోచ్‌కి బంతి ఒకడి కాళ్ళ దగ్గర ఎక్కువసేపు ఉంటే నచ్చదు. "ఇచ్చెయ్! ఇచ్చెయ్!" అని అరుస్తూనే ఉండేవాడు. ఆ తర్వాత బహియాలో ఒక క్లబ్బు. దాని బస్సు ఎప్పుడూ సగం దారిలో ఆగిపోయేది, ఆటగాళ్ళు దిగి తోసేవాళ్ళు, మైదానం చేరేసరికి కాళ్ళలో ఇంకేమీ మిగిలేది కాదు. గోయాస్‌లో మరొకటి. అక్కడ అధ్యక్షుడు మారగానే కొత్తాయన తన మేనల్లుడికి ఫార్వర్డ్ స్థానం ఇచ్చుకున్నాడు. చివరికి దక్షిణాన పరనాలో, చలికి గడ్డి బిగుసుకుపోయిన ఒక పొద్దున మోకాలు మెలిక తిరిగింది.

అది మానేదాకా ఆగుతూ, తానుంటున్న సత్రంలో స్నానాలగది బాగుచేస్తున్న మేస్త్రీ పక్కన చేరి టైల్స్ వెయ్యడం నేర్చుకున్నాడు. మొదటి గోడ తానే రెండుసార్లు పీకేశాడు. మూడోసారి వేశాక రసమట్టం పెట్టి చూసుకున్నాడు, అప్పుడు గానీ అన్నం తినలేదు. ఇరవయ్యెనిమిదేళ్ళకి బాగ్రిస్‌కి తిరిగొచ్చాడు. అప్పట్నుంచీ వారమంతా వంటిళ్ళు, స్నానాల గదులు. ఆదివారం ఉనియాన్ జట్టు. పెద్ద ఊళ్ళలో అతని పేరు ఎవరికీ గుర్తులేదు. బాగ్రిస్‌లో మాత్రం అతను టైల్స్ వెయ్యని వంటిల్లు లేదు, అతని ఆట చూడని మనిషి లేడు.

ఆ ఆటంతా ఒక్క కదలికలో ఉంది. భుజం ఎడమకి పడుతుంది. నడుము దాని వెనకే పోతుంది. ఎదుటివాడూ అటే పోతాడు. బంతి మాత్రం కుడిపాదం బయటి అంచుతో కుడికి జారిపోతుంది. చెప్పుకోడానికి ఇంతే. అతను మళ్ళీ అదే చేస్తాడని అందరికీ తెలుసు, తెలిసీ అందరూ ఎడమకే పోయేవాళ్ళు.

ఒక్కడు తప్ప. క్వారీలో రాళ్ళ లారీ నడిపే బెలర్మీను. ఊరు వాణ్ణి త్రమేలా అంటుంది, పాత తలుపులకి వేసే చెక్క గడియ అని. క్వారీ జట్టు కుడి డిఫెండర్. వాడు బంతినీ చూసేవాడు కాదు, భుజాన్నీ చూసేవాడు కాదు. కింద ఎక్కడో చూసేవాడు. పదిసార్లలో సగంసార్లు చిజియు వాణ్ణి మట్టిలో కూర్చోబెట్టాడు. మిగతా సగం వాడు బంతి లాక్కుపోయాడు. ఇరవై ఏళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు. రొట్టెల కొట్లో ఒకరి వెనక ఒకరు నిలబడాల్సి వస్తే, ఇద్దరూ రొట్టెల్నే చూస్తూ ఉండేవాళ్ళు.

త్రమేలాకి నడుం నొప్పి వచ్చాక వాణ్ణి మధ్యకి, గోలు ముందుకి జరిపారు. కుడివైపు కుర్రవాళ్ళు వచ్చారు. అప్పట్నుంచీ చిజియుకి ఒక అనుమానం పట్టుకుంది. ఈ కుర్రవాళ్ళంతా చిన్నప్పుడు గట్టు మీద కూర్చుని తన ఆట చూసినవాళ్ళు. కొందరి పెళ్ళికి ముందు వంటిళ్ళకి టైల్స్ తనే వేశాడు. "చిజియు గారూ" అంటారు. అతను భుజం వంచగానే పక్కకి తప్పుకుంటారు. నిజంగా బోల్తాపడి తప్పుకుంటున్నారా, పెద్దవాడని తప్పుకుంటున్నారా? ఆ కదలిక తన దగ్గర ఇంకా ఉందా, ఎప్పుడో పోయిందా? దారి ఇచ్చేవాణ్ణి దాటినందువల్ల తేలే సంగతి కాదది. ఇక ఆట మానేస్తున్నాడు. మానేముందు ఆ ఒక్కటీ తెలియాలి. అది తేల్చగలిగినవాడు త్రమేలా ఒక్కడే.

అందుకే మ్యాచ్‌కి ముందు సోమవారం పొద్దున్నే చిజియు, ఉనియాన్ అధ్యక్షుడు ఒర్లిందు నడిపే రొట్టెల కొట్టుకి వెళ్ళాడు. ఒర్లిందు పిండి పిసకడం పనివాళ్ళకి వదిలేసి చాలా ఏళ్ళయింది. ఆయన పని మాట్లాడటం.

"ఒర్లిందు గారూ, ఒక్కటే అడుగుతున్నా. ఆదివారం త్రమేలాని కుడివైపు పెట్టమని క్వారీ వాళ్ళకి చెప్పండి. నిజంగా ఆడమనండి."

"నువ్వు చెప్పాలా నాయనా!" ఆయన కౌంటరు దాటి వచ్చి వాటేసుకున్నాడు. "పాత పగ, కొత్త స్నేహం! ఒకే మైదానంలో ఇద్దరు వీరులు! మైకులో ఇదే మాట చెప్తా."

"మైకు సంగతి కాదు నేను చెప్పేది. వాడు నా దగ్గర బంతి లాక్కోవాలి. చేతనైతే."

"లాక్కోవడమా! ఈ ఊరు నిన్ను ఎంత ప్రేమిస్తోందో నీకు తెలీదు చిజియూ."

"ప్రేమ సంగతి తర్వాత. మీరు విన్నారా, నేనన్నది?"

"విన్నా, విన్నా. అంతా నాకొదిలెయ్."

అదే తప్పయింది. ఒర్లిందు నిజంగానే క్వారీకి వెళ్ళాడు. త్రమేలాని కుడివైపు పెట్టించాడు. పెట్టించి, "మాటివ్వు, వాడికి అడ్డం రావని" అని వాడి చేత ప్రమాణం చేయించుకున్నాడు.

అందుకే ఇప్పుడు, మొదటి సగమంతా, త్రమేలా చేతులు వెనక్కి కట్టుకుని దిగేసిన రాటలా నిలబడ్డాడు. చిజియు వాడి మీదికే వెళ్ళాడు. భుజం వంచాడు. వాడు కదల్లేదు, ఎడమకీ కుడికీ. చిజియు వాడి చుట్టూ తిరిగి మళ్ళీ ముందుకొచ్చి నిలబడ్డాడు. వాడు ఆకాశంలోకి చూశాడు. గట్టు మీద జనం నవ్వి చప్పట్లు కొట్టారు. రెఫరీ, మామూలు రోజుల్లో మంగలి అయిన ఎవిలాజియు, విజిల్ నోట్లోంచి తీసి తనూ కొట్టాడు. ఒర్లిందు మైకులో "మాంత్రికుడు!" అని అరిచాడు.

హాఫ్ టైమ్‌లో మర్లూసియా కమలాపండు కోసిన ముక్కలు చేతిలో పెట్టింది. మొహం చూసింది.

"ఏమైంది జెర్సీనూ? నీ వీడ్కోలా, నీ సంతాపసభా ఇది?"

"ఒక్కడంటే ఒక్కడు ఆడట్లేదే! వీధిలో కోళ్ళు నయం, కనీసం అడ్డమొస్తాయి."

"ఆడమని వాళ్ళని అడుగు. నా మీద అరిస్తే ఏం లాభం?"

అతను ముక్కలు ఆమె చేతిలోనే పెట్టేసి, మైదానం అడ్డంగా దాటి, క్వారీ వాళ్ళు కూర్చున్న రేకుల పందిట్లోకి వెళ్ళాడు. హాఫ్ టైమ్‌లో ఎదుటి జట్టు నీడలోకి అడుగుపెట్టడం బాగ్రిస్‌లో ఎవరూ చెయ్యని పని. అందరూ నోట్లో నీళ్ళు మింగడం మర్చిపోయి చూశారు.

"ఏరా, నీ చేతులు ఎవరు కట్టేశారు?" అన్నాడు చిజియు. ఇరవై ఏళ్ళలో మొదటి మాట అది.

త్రమేలా బూటు తాడు బిగించుకుంటూ తలెత్తలేదు. "మీ రొట్టెలాయన."

"నేను నిన్ను ఆడమని కబురు పంపించానురా!"

"ఆయన ఆడొద్దని ఒట్టేయించుకున్నాడు."

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టు."

"మా అమ్మ మీద ఒట్టు," అన్నాడు త్రమేలా. అప్పుడు తలెత్తాడు. అతని మొహంలోనూ విసుగే ఉంది. "నాకేమన్నా సరదాగా ఉందనుకున్నావా? మొదటి సగంలో నువ్వు చేసింది చూస్తుంటే కాలు ఎంత దురద పెట్టిందో నాకు తెలుసు. అంత నెమ్మదిగా చేస్తే మా నివాల్దు గాడైనా లాక్కుంటాడు."

ఆ చివరి మాట సూదిలా దిగింది. చిజియు నేరుగా గట్టెక్కాడు. గొడుగు కింద కుర్చీలో కూర్చున్న త్రమేలా తల్లి దోనా జూల్మీరా ముందు ఆగాడు. ఒళ్ళో వేపిన పంది తోలు పొట్లం పెట్టుకుని నములుతోంది ఆవిడ.

"అమ్మా, మీ అబ్బాయి మీ మీద ఒట్టేశాడు, నన్ను అడ్డుకోనని. ఆ ఒట్టు మీరే విప్పాలి."

"ఎందుకు నాయనా? గోలు కొట్టు. జువ్వలు చూద్దామనే వచ్చా."

"వాడు అడ్డుకుంటేనే అది గోలు. లేకపోతే ఉత్త తారాజువ్వే."

ఆవిడ కాసేపు నమిలింది. "ఇరవై ఏళ్ళు నా కళ్ళ ముందు నా కొడుకుని మట్టిలో కూర్చోబెట్టావు నువ్వు. వాడి నిక్కరు ఉతికింది నేను. ఇవ్వాళ నిన్ను వాడు తన్నాలా?"

"తన్నడం కాదమ్మా. బంతి తీసుకోవాలి."

"నాకు రెండూ ఒకటే," అని ఆవిడ కుర్చీలోంచి లేచి, మైకు అక్కర్లేని గొంతుతో అరిచింది: "ఒరే బెలర్మీనూ! ఒట్టూ గిట్టూ ఏం లేదు! వీడి సంగతి చూడరా!"

రెండో సగం మొదలైంది. మొదటిసారి బంతి దొరకగానే చిజియు ఎడమ గీత పక్కన వాడి మీదికి వెళ్ళాడు. భుజం, నడుము, బయటి అంచు. అంచుకి బంతి తగల్లేదు. త్రమేలా బూటు ముందే వచ్చి బంతిని శుభ్రంగా ఎత్తుకుపోయింది. చిజియు మోచేతుల మీద పడ్డాడు.

"సిగ్గులేదా!" అని గట్టు మీంచి త్రమేలాని తిట్టారు. "మనిషి వీడ్కోలు రోజున!" ఎవిలాజియు పరుగెత్తుకొచ్చి ఫ్రీకిక్ ఇవ్వబోయాడు.

"తప్పేం లేదు, బంతికే తగిలింది. నువ్వు అవతలికి పో," అన్నాడు చిజియు మట్టి ఉమ్ముతూ.

రెండోసారి కూడా అంతే. ఈసారి త్రమేలా తొందరపడనైనా లేదు. ముందే తెలిసినవాడిలా వచ్చి తీసుకున్నాడు.

అంటే ఆ కదలిక పోయింది. ఎప్పుడో పోయింది. కుర్రవాళ్ళు పెద్దవాడని తప్పుకున్నారు. చిజియు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. సంగతి తేలిపోయింది, అయినా విసుగు తగ్గలేదు. టైలు పగిలితే పగిలిందని ఒప్పుకుంటాడు అతను, ఎందుకు పగిలిందో తెలియాలి. వాడు ఎక్కడ చూస్తున్నాడు? కింద. కింద ఏముంది? తన ఎడమ పాదం. ఒంటి బరువంతా మోసే పాదం.

దాన్ని తనే చూసుకున్నాడు. నడుము బిగుసుకుపోయాక, తిరగడం కష్టమై, ఆ పాదాన్ని ముందే కుడివైపుకి తిప్పి పెడుతున్నాడు. వెళ్ళబోయే దారిని బొటనవేలితో చూపిస్తున్నాడు. ఎన్నేళ్ళుగా చేస్తున్నాడో ఇది! తన పనిలో వేరేవాడు ఇలా చేస్తే గోడంతా పీకించేవాడు.

మూడోసారి బంతి వచ్చినప్పుడు ఎడమ పాదాన్ని ఎడమకే పెట్టాడు, ఇరవై ఏళ్ళప్పుడు పెట్టినట్టు. బొటనవేలు గట్టువైపు చూస్తోంది. భుజం పడింది. త్రమేలా కళ్ళు పాదం మీదికి దిగాయి, ఒళ్ళు ఎడమకి కదిలింది. అప్పుడు ఆ పాదం మీంచి నడుముని వెనక్కి మెలితిప్పాడు చిజియు. తుంటిలో ఏదో కత్తి దిగినట్టయింది. బంతి బయటి అంచుకి తగిలి కుడికి జారింది.

త్రమేలా మట్టిలో కూర్చుండిపోయాడు.

"నీ యబ్బ!" అన్నాడు, నిజమైన కోపంతో, పళ్ళు కొరుకుతూ. "నీ యబ్బ, చిజియూ!"

ఇన్నేళ్ళలో చిజియుకి అంత తియ్యగా వినిపించిన మాట లేదు. తుంటి మండుతుంటే కుంటుతూ రెండడుగులు వేసి, ఇరుకు కోణంలోంచి కొట్టాడు. బంతి గోలు స్తంభానికి బయటి పక్కనుంచి పోయి, పక్క వలకి తగిలి, చేపలవాళ్ళు ఇచ్చిన ఆ పాత వలలో చిరుగు ఉన్నచోట దూరి, లోపల పడింది.

తారాజువ్వలు పేలాయి. ఉన్నవన్నీ ఒకేసారి. ఎవిలాజియు చెయ్యెత్తి మైదానం మధ్య వైపు చూపించాడు. మైకులో "గోఓఓఓలు!" అని ఒర్లిందు ఊపిరి ఆగేదాకా అరిచాడు. మర్లూసియా చేతిలో ఎవరో పూలు పెట్టారు.

"గోలు కాదు!" అని అరిచాడు చిజియు. ఎవరికీ వినిపించలేదు. మీద పడుతున్న జట్టువాళ్ళని మోచేత్తో తోసుకుంటూ రెఫరీ దగ్గరికి కుంటుతూ వెళ్ళాడు. "గోలు కాదు! బయటినుంచి దూరింది! కళ్ళు మంగలి కొట్లో పెట్టి వచ్చావా?"

"గోలిచ్చాను చిజియూ, వెళ్ళు, పండగ చేసుకో."

"చిరుగులోంచి దూరింది, వెళ్ళి వేలు పెట్టి చూడు!"

"చూడను. ఇచ్చింది వెనక్కి తీసుకోను. పైగా జువ్వలన్నీ అయిపోయాయి, ఇంకో గోలుకి పేల్చడానికి లేవు."

"అంటే జువ్వల్ని బట్టి గోలా?" చిజియు ఎవిలాజియు చొక్కా పట్టుకున్నాడు. ఎవిలాజియు పసుపు కార్డు తీశాడు. చిజియు ఆ కార్డు లాక్కుని నేల మీద కొట్టాడు. ఎవిలాజియుకి ఇక దారి లేకపోయింది. ఎర్రది తీశాడు.

సొంత వీడ్కోలు మ్యాచ్‌లో, సొంత గోలు చెల్లదని పోట్లాడి, బయటికి గెంటించుకున్న ఫార్వర్డ్‌ని బాగ్రిస్ అంతకుముందు చూడలేదు.

"ఆయన చెప్పింది నిజమే," అన్నాడు త్రమేలా, మట్టి దులుపుకుంటూ. "బయటినుంచే దూరింది. నేను కూర్చున్నచోటినుంచి బాగా కనిపించింది." తనే వెళ్ళి బంతి తెచ్చి, గోల్‌కిక్ గీత మీద పెట్టాడు. "కొట్టరా నివాల్దూ. ఈసారి నిలబడి కొట్టు." నివాల్దు రెఫరీ వైపు చూశాడు, త్రమేలా వైపు చూశాడు, త్రమేలాకే ఎక్కువ భయపడి కొట్టాడు. ఆట సాగింది. ఎవరూ గోలు వెయ్యలేదు.

గీత దాటుతున్న చిజియుకి జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. "ఎంత వినయం! ఎంత వినయం!" అతను రెండు చేతులూ చెవుల మీద పెట్టుకున్నాడు.

"బయటిదేనా?" అని అడిగింది మర్లూసియా, పూలు కుర్చీ కింద పెడుతూ.

"బయటిదే."

"చెప్పావుగా. ఇంక కూర్చో. తుంటి పట్టుకుని నడుస్తున్నావు, ఏం చేసుకున్నావు?"

"పాదం సరిగ్గా పెట్టా."

"సరిగ్గా పెడితే ఇదా! తప్పుగా పెట్టుంటే మోసుకుపోవాల్సొచ్చేది," అంది ఆమె.

సాయంత్రం మాంసం కోస్తుండగా ఒర్లిందు మైకు పట్టుకున్నాడు. ఆ మహత్తరమైన గోలు గురించి, దాన్ని తిరస్కరించిన అంతకన్నా మహత్తరమైన మనసు గురించి మొదలెట్టాడు. రెండూ ఒకేసారి నిజం కావడం ఎలాగో ఎవరూ అడగలేదు. చిజియు ప్లేటు పట్టుకుని, ఆ గొంతు వినపడనంత దూరం పోదామని మైదానం చివరికి నడిచాడు. అక్కడ త్రమేలా చెరకు సారా గ్లాసుతో నిలబడి, నేల మీద వాళ్ళిద్దరి బూట్ల గుర్తులు చూస్తున్నాడు.

"పాదం మార్చావు," అన్నాడు తలెత్తకుండా.

"మార్చలేదు. మొదట్లో పెట్టినట్టే పెట్టా. మధ్యలో పాడుచేసుకున్నా."

"అది చూసే నేను నిన్ను ఆపా, కుడివైపు ఆడిన చివరి నాలుగైదేళ్ళూ."

"చెప్పొచ్చుగా, దరిద్రుడా!"

"ఎందుకు చెప్తా? నేను డిఫెండర్ని." త్రమేలా గ్లాసు కంచె కర్ర మీద పెట్టాడు. పక్కన పడి ఉన్న బంతిని కాలితో లాగి చిజియు ముందుకి దొర్లించాడు. "మళ్ళీ చెయ్. ఈసారి నాకు తెలుసు."

"తుంటి పోయిందిరా."

"అయితే నెమ్మదిగా చెయ్. నడిచినట్టు. పాదం ఎప్పుడు తిరుగుతుందో చూడాలి నాకు."

చిజియు ప్లేటు గడ్డిలో పెట్టాడు. భుజం వంచాడు. త్రమేలా మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి చూశాడు, బంతి తీసేసుకున్నాడు. "ఇదిగో, ఇక్కడ దొరికిపోయావు."

"ఆగరా, తొందరేంటి! ఇంకా నడుము తిప్పనే లేదు నేను!" అని అరిచాడు చిజియు. బంతి లాక్కుని, ఎడమ పాదాన్ని మళ్ళీ మట్టిలో పెట్టాడు.